పదహారు వేల దగ్గర గీత

క్లినిక్ తెరిచే వేళకి ముందే వచ్చి మార్నీ విటెక్ కాసేపు కారులోనే కూర్చునేది. కాఫీ కప్పు ముందు పెట్టుకుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఏదో ఒక వీడియో గేమ్‌లోని పాట పెట్టుకునేది. ఒకే పాట ఆమె ఫోన్‌లో రెండు ఫైళ్ళుగా ఉండేది. ఒకటి ఎంపీత్రీ, సైజు తగ్గించడం కోసం కొంత శబ్దాన్ని కత్తిరించి పారేసినది. రెండోది ఫ్లాక్, ఏమీ పారేయకుండా మడతపెట్టి దాచినది. కళ్ళు మూసుకుని ఆ ఫైల్ నుంచి ఈ ఫైల్‌కి, ఈ ఫైల్ నుంచి ఆ ఫైల్‌కి మారుస్తూ పోయి, లెక్క తప్పాక ఆగి, ఇప్పుడు మోగుతున్నది ఏదో ఊహించేది. కళ్ళు తెరిచి చూసుకునేది. ఒక్కోరోజు సరిపోయేది, ఒక్కోరోజు సరిపోయేది కాదు. సరిపోని రోజున హెడ్‌ఫోన్స్ తీగని తిట్టుకునేది, లేకపోతే అప్పుడే పక్కనుంచి పోయిన చెత్త లారీని.

హామిల్టన్‌లో, కొండ మీద, కంటి క్లినిక్‌లో ఆమె ఉద్యోగం. వచ్చినవాళ్ళని ముందుగదిలో కూర్చోబెట్టి, గడ్డం ఆనించమని చెప్పి, కంట్లోకి గాలి ఊదే పరీక్ష చేసి లోపలికి పంపేది. లోపలి గదిలోంచి రోజంతా డాక్టరు గొంతు వినబడుతూ ఉండేది. ఇది బాగుందా, ఇదా. ఇప్పుడు బాగుందా, ఇందాకే బాగుందా. నలభై దాటాక చాలామంది ఆ ప్రశ్నకి తడబడతారు. మార్నీకి నలభై మూడు.

ఆమెకి పేరుప్రతిష్ఠలు ఉన్నది వేరే చోట. గేమ్ పాటలు కొనుక్కునేవాళ్ళు ఇంటర్నెట్‌లో ఒక బృందంగా ఉన్నారు. చిన్నచిన్న గేమ్‌లకి సంగీతం కట్టినవాళ్ళు తమ పాటల్ని తామే ఫైళ్ళుగా అమ్ముకుంటారు. వీళ్ళు కొంటారు, వింటారు, ఏ దుకాణంలో ఏ ఫైల్ నాణ్యంగా ఉందో వాదించుకుంటారు. చాలా ఏళ్ళ క్రితం మార్నీ తన చిన్నప్పటి గేమ్ ఒకదాని పాటల్ని ఫ్లాక్ అని నమ్మి కొంది. తెరిచి చూస్తే అది ఎంపీత్రీని పెద్ద పెట్టెలో పెట్టి ఫ్లాక్ అని పేరు రాసినది. పలచటి పాలని పెద్ద గిన్నెలో పోసినంత మాత్రాన చిక్కబడవు. ఆమె ఆ సంగతి ఆధారంతో సహా బృందంలో పెట్టింది, అమ్మినవాళ్ళు సిగ్గుపడి ఫైల్ మార్చారు. అప్పటినుంచి ఏ కొత్త ఆల్బమ్ వచ్చినా జనం ముందు అడిగే మాట ఒకటే, మార్నీ ఏమంది అని. ఆమె పేరు పక్కన 'పరిశీలకురాలు' అని రాసి ఉండేది. పెళ్ళిళ్ళలో గోడకి ఆనుకుని నిలబడే మనిషికి అది చిన్న హోదా కాదు.

ఆ ఆధారం ఏమిటంటే ఒక బొమ్మ. శబ్దాన్ని బొమ్మగా చూపించే ప్రోగ్రాములు ఉన్నాయి. బరువైన స్వరాలు అడుగున, సన్నటివి పైన. నిజమైన ఫైల్‌లో రంగు పైకి పోయేకొద్దీ గడ్డిపరకల్లా పలచబడుతూ, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగుతుంది. ఎంపీత్రీ నుంచి వచ్చిన దొంగ ఫైల్‌లో సెకనుకి పదహారు వేల కంపనాలు అని ఉన్న అంకె దగ్గర స్కేలు పెట్టి కోసినట్టు ఉంటుంది. పైన అంతా నలుపు.

ఆ బొమ్మల సంగతి ఆమె పెద్దమ్మ కూతురు బెవ్‌కి నవ్వులాట. బెవ్ సిటీ బస్సు నడుపుతుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో పైనా కిందా ఉంటారు, రాత్రి భోజనం బెవ్ వంటింట్లో కలిసి చేస్తారు.

"ఏంటే, పాటని కళ్ళతో చూసి కొంటావా? రేపు సూప్‌ని ముట్టుకుని రుచి చెప్తావేమో" అనేది బెవ్, మార్నీ కంప్యూటరు తెరమీద వేలు పెట్టి చూపించినప్పుడల్లా.

ఆ పదహారు వేలకి పైన ఉన్న శబ్దం మార్నీ చెవులకి ఎప్పుడో వినబడటం మానేసిందని బెవ్‌కి తెలుసు. ఆ వయసులో చాలామందికి వినబడదు. మార్నీ ఆ మాటని ఎప్పుడూ వేరే సంగతిలోకి తిప్పేసేది. నాకు వినబడకపోతే మాత్రం, డబ్బిచ్చి కొన్నది మొత్తం నా దగ్గర ఉండొద్దా అని వాదించేది. అది నిజమే. కానీ పొద్దున కారులో తప్పు ఊహించిన రోజున అదే నిజం ఆమెకి రోజంతా కాలిలో ముల్లులా గుచ్చుకునేది.

నవంబరులో 'ఉప్పు దారి' పాటలు అమ్మకానికి వచ్చాయి. అది మంచు తోసే లారీ నడిపే గేమ్. రోడ్డు మీద ఉప్పు చల్లుకుంటూ ఊళ్ళని ఒకదానితో ఒకటి కలుపుతూ పోవాలి, అంతే. ఒక విన్నిపెగ్ కుర్రాడు తయారుచేశాడు. సంగీతం అతని మేనత్త కట్టింది. ఆవిడ పేరు థోరా ఐనర్సన్, ఉండేది గిమ్లీలో, సరస్సు ఒడ్డున. అది ఆవిడ మొదటి ఆల్బమ్.

వాళ్ళు పాటలు కొనే దుకాణంలో ఒక ఆనవాయితీ ఉంది. నెలలో మొదటి శుక్రవారం దుకాణం తన వాటా తీసుకోదు, కొన్నవాళ్ళ డబ్బంతా పాట కట్టినవాళ్ళకే పోతుంది. బృందంలో అందరూ ఆ శుక్రవారం కోసం కాచుకుని కూర్చుంటారు. ఒక చిన్న సంగీతకారుడికి ఆ ఒక్కరోజు అమ్మకం మిగిలిన నెలంతటికంటే ఎక్కువ. కాబట్టి మంగళవారం నుంచే మార్నీని అడగడం మొదలుపెట్టారు. 'ఉప్పు దారి' కొనొచ్చా?

మంగళవారం మధ్యాహ్నం, శాండ్‌విచ్ ఒక చేత్తో పట్టుకుని, ఆమె ఆల్బమ్ కొని బొమ్మ తెరిచింది. పదహారు వేల దగ్గర గీత. ఒక పాటలో కాదు, అన్నిట్లోనూ. స్కేలు పెట్టి కోసినట్టు.

నిజానికి ఆమెకి అప్పుడే ఒక చిన్న అనుమానం తగిలింది. ఎంపీత్రీ చేసినప్పుడు గీతకి పైనే కాదు, కింద కూడా అక్కడక్కడ చిల్లులు పడతాయి, చిమ్మటలు కొట్టిన ఉన్నికోటులా. ఇక్కడ కింద గుడ్డ అంతా నిండుగా ఉంది. ఆమె అది చూసింది, చూసి కూడా పక్కకి నెట్టింది. అవతల అందరూ ఎదురుచూస్తున్నారు, భోజనం గంట అయిపోతోంది. ఆమె రాసిన రెండు వాక్యాలు ఇవి. "ఇది ఎంపీత్రీకి ఫ్లాక్ చొక్కా తొడిగినది. శుక్రవారం మీ డబ్బు వేరేవాళ్ళకి ఇవ్వండి." కింద బొమ్మ పెట్టింది. సాయంత్రానికి ఆ బొమ్మ మూడు నాలుగు చోట్లకి పాకింది.

ఆ రాత్రి బెవ్ వండిన బంగాళాదుంపల కూరలో ఆమె ఉప్పు రెండుసార్లు వేసుకుంది.

బుధవారం క్లినిక్‌లో ఒక పెద్దాయన కుడి కంటికి రెండుసార్లు గాలి ఊదింది, ఎడమ కన్ను మరిచిపోయింది. ఆయన మర్యాదస్తుడు కాబట్టి ఊరుకున్నాడు. ఫోన్ కోటు జేబులో పెట్టి కోటుని తలుపు వెనక తగిలించింది, ఐదు నిమిషాలకొకసారి లేచి తలుపు వెనక్కి వెళ్ళింది. పని అయ్యాక ఇంటికి పోకుండా కొండ మెట్ల దగ్గరికి వెళ్ళింది. వ్యాయామానికి వచ్చేవాళ్ళు ఎక్కి దిగుతుంటారు. ఆమె దిగింది, కింద నిలబడలేక ఎక్కింది, పైన నిలబడలేక మళ్ళీ దిగింది. దూరంగా ఉక్కు కర్మాగారం పొగ ఆ ఊరి సరస్సు మీదికి వాలుతోంది. చిల్లులు ఎందుకు లేవు? మంచి ఎంపీత్రీ అయితే చిల్లులు తక్కువ ఉండొచ్చు. మరి మంచి ఎంపీత్రీ అయితే గీత ఇంకా పైన ఉండాలి కదా. ఈ రెండు మాటల మధ్య ఆమె మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది.

అక్కడే గార్త్ ఫోన్ చేశాడు. అతను రెజైనాలో ఉంటాడు, బృందాన్ని నడిపేవాళ్ళలో ఒకడు, ఏళ్ళ తరబడి స్నేహం, ఎదురెదురుగా చూసుకున్నది మాత్రం లేదు. థోరా దగ్గర ముందే కొన్నవాళ్ళు డబ్బు వెనక్కి అడుగుతున్నారట. ఆవిడ ఒక్క మాట ఎదురు చెప్పకుండా అందరికీ ఇచ్చేస్తోందట.

"దొంగైతే గోల పెట్టేది కదా" అంది మార్నీ.

"దొంగ కాబట్టే నోరు మూసుకుని ఇస్తోంది. నీకెందుకా బెంగ? బొమ్మ ఉంది, గీత ఉంది."

"చిల్లులు లేవు గార్త్."

 ఆ మాట ఇప్పుడు బయట అనకు, అన్నాడు గార్త్.

గురువారం పొద్దున మార్నీ కారులో కూర్చుని పాట పెట్టుకోలేదు. ఆల్బమ్ పేజీలో, డౌన్‌లోడ్ కాకపోతే చేయండి అని థోరా తన ఫోన్ నంబరు రాసిపెట్టుకుంది. అలా నంబరు పెట్టేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరూ లేరు. మార్నీ చేసింది. తన పేరు చెప్పింది, ఆ బొమ్మ పెట్టింది తనేనని చెప్పింది. తిడుతుందని భుజాలు బిగించుకుని కూర్చుంది.

థోరా తిట్టలేదు. తను పాటలు కట్టుకునే చర్చి హాలులో ఉన్నానని, పొయ్యి ఇంకా వేడెక్కలేదని, కోటు వేసుకునే మాట్లాడుతున్నానని చెప్పింది. తనే ఏదో తప్పు మీట నొక్కి ఉంటానంది. మేనల్లుడు చెప్పినట్టే ఫైల్ చేశానని, కానీ తనకి ఇవన్నీ కొత్త అని, తెలియక జనానికి నకిలీ సరుకు అమ్మినందుకు తలెత్తుకోలేకపోతున్నానని అంది. రేపు పొద్దునకల్లా ఆల్బమ్ తీసేస్తానంది.

"తీసెయ్యకండి" అంది మార్నీ.

"నకిలీ అని మీరే రాశారు కదమ్మా. తెలిసీ అమ్మితే అది మోసం కాదూ?" తర్వాత, మాట మార్చడానికన్నట్టు, థోరా అడిగింది. "పోనీ, వాటిల్లో మీకు ఏ పాట నచ్చింది?"

మార్నీ స్టీరింగు మీద గోరుతో గీసింది.

"నేను ఇంకా... పూర్తిగా వినలేదండీ. ఒక్కటి కూడా."

"ఓ. బొమ్మ చూసి చెప్పారన్నమాట." ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "మా డాక్టరు కూడా ఎక్స్‌రే చూసే చెప్తాడు లెండి, నన్ను చూడడు."

తిట్టి ఉంటే బాగుండేదని మార్నీకి అనిపించింది. ఏ వాయిద్యం మీద వాయించారని అడిగింది. కీబోర్డు, ఈ హాల్లోనే ఉంటుంది, స్కూలు వాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్నది, ఎనభైల నాటిది అంది థోరా. ఎందులో రికార్డు చేశారు? మేనల్లుడు ఇచ్చిన కొత్త పెట్టెలో, తీగ తిన్నగా కీబోర్డు నుంచి పెట్టెలోకి.

అప్పటి కీబోర్డుల్లో కొన్నిటి లోపల శబ్దం సెకనుకి ముప్పై రెండు వేల ముక్కలుగా తయారవుతుంది. దానిలో సగానికి పైన అది ఏ స్వరాన్నీ పలకలేదు. సగం అంటే పదహారు వేలు. మార్నీకి ఇది తెలియనిది కాదు. ఎప్పుడో చదివింది, ఒకసారి ఎవరికో వివరించింది కూడా. ఫైల్‌ని ఎవరూ కోయలేదు. ఆ వాయిద్యం గొంతే అంతవరకు.

ఆ మాట చెబితే థోరా నమ్మలేదు. నన్ను ఓదార్చడానికి అంటున్నారు అంది. "మొన్న నకిలీ అన్నారు, ఇవాళ కాదంటున్నారు. నాకు చూసి తెలుసుకునే చదువు లేదు. నాకు తెలిసేట్టు చూపించండి, అప్పుడు ఉంచుతాను. లేకపోతే రేపు పొద్దున తీసేస్తాను."

మార్నీ క్లినిక్ తలుపు వైపు చూసింది. డాక్టరు అప్పుడే లోపలికి పోతున్నాడు. చేతికి దొరికిన ఆలోచనే చెప్పింది. మీ దగ్గర తాళాలు ఉన్నాయా? ఎక్కువగా, గుత్తిగా?

ఉన్నాయి. హాలువి, గోదాంవి, సరస్సు మీద చేపలు పట్టే గుడిసెవి. మార్నీ చెప్పినట్టు థోరా తన ఫోన్‌లో రికార్డింగు పూర్తి నాణ్యతకి మార్చింది. అందుకు చాలాసేపు పట్టింది, మధ్యలో ఒకసారి ఫోనే పెట్టేసింది. కీబోర్డు స్పీకరు ముందు ఫోన్ పెట్టి, ఒక చేత్తో స్వరాలు నొక్కిపట్టి, ఇంకో చేత్తో తాళాలగుత్తి గలగలలాడించమంది మార్నీ. కాసేపు కీబోర్డు, కాసేపు తాళాలు, కాసేపు రెండూ.

మధ్యాహ్నం భోజనం బల్ల దగ్గర మార్నీ, థోరా పంపిన ఆ ఫైల్ బొమ్మ తెరిచింది. కీబోర్డు ఉన్నంతసేపూ రంగు పదహారు వేల దగ్గర బల్లపరుపుగా ఆగింది. తాళాలు మోగిన చోటల్లా కోళ్ళు కంచె దాటినట్టు రంగు చుక్కలు ఆ గీత దాటి పై నల్లదనంలోకి ఎగిరాయి. ఒకే గది, ఒకే ఫోన్, ఒకే ఫైల్. బొమ్మని థోరాకి పంపి, ఎక్కడ ఏం చూడాలో ఫోన్‌లో చెప్పింది.

థోరా చాలాసేపు చూసినట్టుంది. "అంటే ముసలిది నా కీబోర్డు, దొంగని నేను కాదు. అంతేగా?"

"అంతేనండీ."

"అయితే ఉంచుతాను. మీ వాళ్ళకి మీరు చెప్పుకోండి."

చెప్పుకోవడమే మిగిలింది. మార్నీ మధ్యాహ్నం సెలవు అడిగింది, తలనొప్పి అంది. ఇంటికి పోతే వెంటనే రాయాలి. అందుకని బస్సు స్టాపుకి పోయి, బెవ్ నడిపే బస్సు వచ్చేదాకా చలిలో అటూ ఇటూ తిరిగి, ఎక్కి ముందు సీట్లో కూర్చుంది.  మార్నీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'ఉప్పు దారి' మొదటినుంచి పెట్టింది.

వినడం ఆమె అనుకున్నంత తేలిక కాలేదు. ఒక పాట సగంలో ఉండగానే చెయ్యి జేబులోకి పోయేది, బొమ్మ తెరిచి చూడాలని. బెవ్ అద్దంలోంచి చూస్తోంది.

"చెయ్యి పైకి తియ్యవే. ఫోనేం పారిపోదు."

బస్సు కొండ దిగి, ఊళ్ళో తిరిగి, మళ్ళీ కొండ ఎక్కింది. పాటలన్నీ నెమ్మదివే. ఒకదాంట్లో ఒకే స్వరం చాలాసేపు వణుకుతూ ఉంటుంది, లారీ ముందు మంచు తప్ప ఏమీ కనబడనట్టు. మంచి పాటేనా? మార్నీ తేల్చుకోలేకపోయింది. ఇన్నేళ్ళుగా ఎవరైనా అడిగితే ఫైల్ బాగుందా లేదా అని చెప్పగలిగేది. పాట బాగుందా అని తనని తాను అడిగి ఎన్నాళ్ళయిందో. వణికే ఆ స్వరం మాత్రం రెండోసారి పెట్టుకుంది.

సాయంత్రం బెవ్ వంటింట్లో కూర్చుని రాసి, ముందు గార్త్ ఒక్కడికి పంపింది. అతను వెంటనే ఫోన్ చేసి, బృందంలో పెట్టొద్దు అన్నాడు. సోమవారం దాకా ఆగమన్నాడు.

"సోమవారం పెడితే శుక్రవారం వెళ్ళిపోతుంది" అంది మార్నీ.

"ఇప్పుడు పెడితే నువ్వు వెళ్ళిపోతావు. నీ పాత తీర్పులన్నీ తవ్వుతారు, తెలుసా? ఎన్ని నిలబడతాయో నువ్వు చెప్పగలవా?"

"చెప్పలేను."

"మరి?"

"మరి అదే రాస్తాను."

బెవ్ గిన్నె కడుగుతూ వెనక్కి తిరగకుండానే, ఆ అబ్బాయిని నా బస్సు ఎక్కించు, మాట్లాడతాను, అంది.

మార్నీ పెట్టింది. తాళాలగుత్తి బొమ్మ, కీబోర్డు సంగతి, ఆల్బమ్ నిజమైనదేనని. చిల్లులు లేవని మంగళవారమే చూశానని, తన పాత తీర్పుల్లో ఎన్ని నిలబడతాయో చెప్పలేనని రాసింది. ఆల్బమ్‌లో ఒక్క పాట కూడా పూర్తిగా వినకుండా తీర్పు ఇచ్చానని కూడా రాసింది. ఆ చివరి వాక్యం రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది.

కొందరు మెచ్చుకున్నారు. ఎక్కువమంది మెచ్చుకోలేదు. ఆవిడ ఎంతిచ్చిందేమిటి అని ఒకడు అడిగాడు. మేం కళ్ళు మూసుకుని నిన్ను నమ్మితే నువ్వు చెవులు మూసుకున్నావా అన్నాడు ఇంకొకడు. గార్త్ చెప్పినట్టే పాత తీర్పులు తవ్వారు. ఒక జపాను గేమ్ ఆల్బమ్ మీద ఆమె ఇచ్చిన తీర్పు కూడా ఇలాగే ఒక పాత వాయిద్యం మీద పడి ఉండొచ్చని తేలింది. దాన్ని కట్టినాయన ఎప్పుడో పాటలు అమ్మడం మానేశాడు. ఆయన మానేసింది దీనివల్లేనా అన్నది ఎవరికీ తెలియదు, మార్నీకీ తెలియదు. ఆ రాత్రంతా ఆమె ఆ ఆల్బమ్ పేజీ తెరిచి చూస్తూ ఉంది. పేజీ ఖాళీగా ఉంది.

శుక్రవారం 'ఉప్పు దారి' అమ్మకంలోనే ఉంది. కొందరు కొన్నారు. డబ్బు వెనక్కి తీసుకున్నవాళ్ళలో మళ్ళీ కొన్నవాళ్ళు తక్కువ. మంగళవారం బొమ్మ పాకినంత దూరం గురువారం బొమ్మ పాకలేదు. మార్నీ రోజంతా ఆ పేజీ చూస్తూ, పేషెంట్ల గడ్డాలు సరిచేస్తూ గడిపింది. థోరా నుంచి మధ్యాహ్నం ఒక చిన్న సందేశం వచ్చింది, అనుకున్నంత కాలేదు కానీ పర్వాలేదు, హాలు పొయ్యి బాగుచేయించడానికి సరిపోతుంది అని. పర్వాలేదు అన్న ఆ మాటని మార్నీ ఎన్నోసార్లు చదివింది, ఎలా చదివినా మనసు కుదుటపడలేదు.

ఆదివారం గార్త్ ఫోన్ చేశాడు. చుట్టూ తిప్పి మాట్లాడుతుంటే మార్నీయే అందుకుంది. నా పేరు పక్కనున్న మాట తీసెయ్యి గార్త్, అంది. అతను ఊపిరి పీల్చుకున్నట్టు వినబడింది. ఇకనుంచి ఎవరి ఆల్బమ్ గురించైనా తీర్పు రాసే ముందు, అది కట్టినవాళ్ళకి ఫోన్ చేసి ఏ వాయిద్యం, ఎందులో రికార్డు చేశారు అని అడగాలన్న నియమం పెట్టమని మాత్రం కోరింది. దానికి చాలా సమయం పడుతుందని అతను విసుక్కున్నాడు. పడుతుంది అంది మార్నీ.

ఆ నియమం అమల్లోకి వచ్చింది. పరిశీలన పని ఇప్పుడు గార్త్ చూస్తున్నాడు. మార్నీ ఆ బృందంలో మామూలు సభ్యురాలు.